మావాడు సముద్రాన్ని ఛీ అన్న రోజు

దగ్గరికి జరగండి. ఆ కుర్చీ వద్దు, ఇలా చాప మీదికే రండి, అంత దూరాన కూర్చుంటే నా కోపం మీదాకా చేరదు. ఆ రోజుల్లో (మరీ పాతకాలమేం కాదు, సెల్‌ఫోన్లు వచ్చేశాయి) ప్రతి ఆడదానికీ గొప్ప చెప్పుకోవడానికి ఏదో ఒకటి ఉండేది. ఒకరికి నగలు, ఒకరికి చదువు. నేను ఏడో తరగతితో బడి మానేసినదాన్ని, మెడలో పసుపుతాడు తప్ప ఇంకోటి లేనిదాన్ని. కానీ నాకొక సముద్రం ఉండేది. బాపట్ల దాటి వెళితే మా పెద్దమ్మ వాళ్ల ఊరు, ఊరి చివర సరుగుడు తోట, ఆ తోట దాటితే నా సముద్రం. చిన్నప్పుడు ఎండాకాలం సెలవులన్నీ అక్కడే గడిచాయి. పెళ్లయి సికింద్రాబాద్ వచ్చాక, పద్మారావు నగర్‌లో మా రెండు గదుల ఇంట్లో కూర తరుగుతూ సముద్రం కబుర్లే, బట్టలారేస్తూ సముద్రం కబుర్లే. మా ఆయన గానీ అత్తమ్మ గానీ సముద్రాన్ని కంటితో చూసినవాళ్లు కారు, తరతరాలుగా ఇక్కడివాళ్లు. అత్తమ్మ బియ్యంలో రాళ్లు ఏరుతూ, తలైనా ఎత్తకుండా అనేది: "ఏందే పిల్లా, పొద్దున లేస్తె సముద్రం సముద్రం అంటవు. నీళ్లే గద. ట్యాంక్‌బండ్ కాడ లేవా నీళ్లు?"

నా సముద్రాన్ని ట్యాంక్‌బండ్‌తో పోల్చింది. ఆ మాట ఇప్పటికీ మరిచిపోలేదు, చూస్తున్నారుగా.

అందుకే మావాడికి ఏడాదిన్నర నిండి, ఇల్లంతా పరుగులు పెట్టడం మొదలుపెట్టగానే మా ఆయన వెంటపడ్డాను. "సెలవు పెట్టండి. పిల్లాడికి సముద్రం చూపించాలి, మీ అమ్మగారికి ట్యాంక్‌బండ్‌కీ దానికీ తేడా చూపించాలి" అన్నాను. ఆయన బట్టల కొట్లో పనిచేసేవారు, పెళ్లిళ్ల కాలం అయ్యాక సెలవు దొరికింది. "నేనెందుకు, ఇల్లెవరు జూస్కుంటరు" అని గొణిగిన అత్తమ్మ అందరికంటే ముందు సంచి సర్దేసుకుంది. రైల్లో దారి పొడుగునా మావాడి చెవిలో నూరిపోశాను. అల వస్తుంది నాన్నా, నీ కాళ్లు కడుగుతుంది, నువ్వు నవ్వుతావు. నా కొడుకు నా సముద్రాన్ని చూసి కేరింతలు కొట్టాలి, అత్తమ్మ నోరు మూతపడాలి. నాకు కావలసింది అంతే.

మర్నాడు పొద్దున్నే తడి ఇసుక మీద వాణ్ణి దించాను. దించడమేమిటి, దించబోయాను. తొట్లో ముంచబోయిన కోడిపిల్లలా కాళ్లు రెండూ కడుపులోకి ముడుచుకున్నాడు. ఎలాగో నిలబెడితే పల్చటి నురుగు ఒకటి వచ్చి వేళ్లు తాకి పోయింది. వాడు తన కాళ్లకంటిన ఇసుకను చూశాడు, సముద్రాన్ని ఈ చివరినుంచి ఆ చివరిదాకా చూశాడు, నన్ను చూశాడు. "ఛీ" అన్నాడు. చెత్తబుట్టలో చెయ్యి పెట్టినప్పుడల్లా నేను నేర్పిన మాట అది. దాన్ని తీసుకెళ్లి నా సముద్రానికి పెట్టాడు.

"నీ కొడుకే జెప్పిండు గదనే, ఇగ నేనేం జెప్పాలె" అంది అత్తమ్మ పొట్ట పట్టుకుని నవ్వుతూ.

అంతటితో అయిపోయినా ఊరుకునేదాన్ని. అత్తమ్మ కొంగున కట్టుకొచ్చిన పసుపూ కుంకుమా అలలో చల్లి, "గంగమ్మ తల్లీ, సల్లగ జూడు" అని దండం పెట్టి, పుణ్యానికని ఒక కాలు నీళ్లలో పెట్టింది. తర్వాత రెండోది పెట్టింది. "అరే, ఇది కాళ్ల కింద మన్ను గుంజుతుందిరా" అని కొడుకుతో చెప్పింది. ఇక ఆవిడను బయటికి లాగడం ఎవరి తరమూ కాలేదు. ఇంట్లో మూడు మెట్లెక్కితే మోకాళ్లు పట్టేశాయని మూలిగే మనిషి, చీర ఎగదోపుకుని నడుము లోతులో నిలబడి ఒక్కో అలతోనూ తగువు పెట్టుకుంది. "దా, దా. నువ్వేం జేస్తవో నేను సుత జూస్త."

నేనేమో ఒడ్డున. చంకలో మావాడు. కిందికి దించితే ఏడుపు, పెద్దమ్మకిద్దామంటే కొత్త ముఖమని అంతకంటే పెద్ద ఏడుపు, వాళ్ల నాన్నకిద్దామంటే ఆయన ఎర్ర పీతల వెంట ఎక్కడికో పోయారు. నా చిన్ననాటి సముద్రం నాకు నాలుగడుగుల దూరంలో ఉంది, నేను పాదమైనా తడుపుకోలేదు. మావాడికి నచ్చింది ఏమిటో తెలుసా? పెద్దమ్మ వాళ్ల పెరట్లో బావి నీళ్లు పోసిన గంగాళం. అందులో కూర్చుని చెంబుతో నెత్తిన పోసుకుని కిలకిల నవ్వాడు. గంగాళం మా ఇంట్లో లేదా? దానికి రైలెక్కాలా?

ఆ సాయంత్రం అత్తమ్మ ఫోన్లో మారేడ్‌పల్లిలో ఉండే వాళ్లక్కతో మాట్లాడుతుంటే విన్నాను. "అక్కా, మన సముద్రం జూడాలె నువ్వు, ఏమున్నది అనుకున్నవ్. మా కోడలా? ఆమె ఒడ్డు మీదనే నిలవడ్తది. బయమనుకుంట, పాపం."

మన సముద్రమట. నాకు భయమట. ఆ రాత్రి అన్నం కూడా సగమే తిన్నాను (పులుసు బాగుంది కాబట్టి సగమైనా తిన్నాను).

చివరి రోజు, మధ్యాహ్నం రైలు. పొద్దున్నే అత్తమ్మ నీళ్లోడుతూ వచ్చి నా ముందు చేతులు చాచింది. "ఇటియ్యి పోరన్ని. వచ్చిన కాడికెల్లి మొకం మాడ్సుకొని నిలవడ్డవ్. పో, దిగు."

"వాడు ఏడుస్తాడత్తమ్మా."

"ఏడ్వనీ. నీ మొగడు ఏడ్వలేదా, పెరగలేదా?"

వెళ్లాను. కోపం తోసుకుంటూ తీసుకెళ్లింది. ఈ నీళ్లలో ఆడి పెరిగినవాళ్లు ఎలా నిలబడతారో ఈ నగరం మనిషికి చూపించాలని మోకాలి లోతులో ఆగి, వీళ్ల వైపు తిరిగాను. "చూశారా అత్తమ్మా, భయపడకూడదు, కాళ్లు ఇలా ఆనించి..."

సముద్రానికి వీపు చూపించకూడదని చంటిపిల్లకైనా తెలుసు. నాకూ తెలుసు. అల నన్ను ఎత్తి బోర్లా పడేసి, ఇసుకలో ఈడ్చుకుంటూ ఒడ్డుకు తెచ్చింది. జడ ఒకవైపు, కొంగు ఒకవైపు, నోటి నిండా ఉప్పూ ఇసుకా. ఇన్నేళ్లుగా నీ తరఫున వాదించినందుకు ఇదా నువ్వు చేసేది అని సముద్రాన్ని తిట్టడానికి నోరు తెరిచేసరికి ఒక నవ్వు వినబడింది. మావాడు. నానమ్మ చంకలో ఎగిరెగిరి నవ్వుతున్నాడు.

"మల్ల. అమ్మ, మల్ల."

ఏం చేస్తాను, మళ్లీ పడ్డాను. ఇంకోసారి పడ్డాను. వాడు నానమ్మ చంక జారి, ఇసుక తొక్కుకుంటూ నురుగు దాకా వచ్చాడు. అల వచ్చి వాణ్ణి కూలేసింది. ఏడవాలా వద్దా అన్నట్టు నా మొహంలోకి చూశాడు. చటుక్కున వాడి పక్కన నేనూ కూలబడ్డాను. అంతే, నవ్వాడు. రైలందుకోవడానికి ఇద్దరినీ మా ఆయన చెరో చేత్తో పట్టి లాక్కెళ్లాల్సి వచ్చింది. (పోరన్ని సముద్రంల దింపింది నేనే అని అత్తమ్మ ఇప్పటికీ వాడకట్టంతా చెబుతుంది. పడింది ఎవరమ్మా అని ఒక్కరైనా అడగరు.)

మొన్న ఎండాకాలం వాడే మమ్మల్ని అక్కడికి తీసుకెళ్లాడు. వాళ్ల నాన్న కంటే పొడుగయ్యాడు. చీలమండ లోతు నీళ్లలోనే నా మోచెయ్యి గట్టిగా పట్టుకుని, "ఇక్కడే నిలబడమ్మా, లోపలికెళ్తే పడిపోతవ్" అన్నాడు. నాకు చెబుతున్నాడు. ఒళ్లు మండింది. పడటంలో నాకున్న అనుభవం వీడికేం తెలుసు? అయినా ఆ చెయ్యి విడిపించుకోకుండా నిలబడ్డాను. నోటినిండా ఇసుకతో, ముఖం గంటు పెట్టుకునే లేచి, చిన్నవాడి ఒక్క మాటకు తిరిగి దబ్బున పడిన ఆ పిల్ల, అప్పటి నేను, గుర్తొచ్చింది. ఎంత కోపం దానికి, ఎంత ఓపిక. నాలో నేనే నవ్వుకున్నాను. "ఏందమ్మా, ఒక్కదానివే నవ్వుతున్నవ్" అన్నాడు వాడు. ఏం లేదురా అన్నాను.

ఇంతసేపు విన్నారు, చల్లగా ఉండండి. మీ గడప ముందు చిన్న చెప్పుల జత ఒకటి ఎప్పుడూ విడిచి ఉండాలి. మీరు కిందపడితే నవ్వే నోరూ, లేపే చెయ్యీ మీ ఇంట్లో ఎన్నటికీ కరువు కాకూడదు.