బురుల్చా వంటింట్లో అణుపొయ్యి

గురువారం మధ్యాహ్నం బురుల్చా బజారు నుంచి వచ్చేసరికి ఆమె కజాన్ మూత వంటింటి కప్పుకు కొట్టుకుని, టీ గిన్నెల అర మీద పడి, రెండు గిన్నెలు పగలగొట్టి, నేల మీద బోర్లా పడి ఉంది. పొయ్యి మీద ఆ పెద్ద ఇనప కజాన్‌లో బూడిదరంగు జావ ఇంకా బుడగలు వేస్తోంది. పక్కనే ఆమె భర్త, నూడుల్స్ కోసే కత్తి చేతిలో పట్టుకుని నిలబడ్డాడు. ఒక కనుబొమ లేదు.

“కాస్త పొంగింది,” అన్నాడు. “కజాన్‌కేం కాలేదు.”

“నా కత్తి?”

“అదీ బాగానే ఉంది. కొంచెం గీకాను, అంతే.”

గీకింది పాత విమానాల గడియారాల ముఖాలను. చీకట్లో ముళ్ళు కనిపించడానికి ఒకప్పుడు వాటికి రేడియం కలిపిన రంగు పూసేవారు. రేడియోలు బాగుచేసి రిటైరైన ఆ పెద్దమనిషి ఏళ్ళ తరబడి వాటిని పోగేసి పశువుల కొట్టంలో దాచాడు. ఇప్పుడు ఆ గీకిన రంగు పొడినే కజాన్‌లో ఉడకబెట్టాడు. చలికాలం రాగానే సాయంత్రం కరెంటు పోతుంది, కరెంటు పోగానే ఆయన ఉపన్యాసం మొదలవుతుంది.

“మన కొండ తవ్వి యురేనియం పట్టుకుపోయారు. వాళ్ళ ఊళ్ళన్నీ వెలిగించుకున్నారు. మనం కొవ్వొత్తి ముందు కూర్చోవాలా? బొటనవేలంత అణుపొయ్యి చాలే ముసలీ, ఇల్లంతా వెచ్చగా ఉంటుంది.”

“వచ్చే ఆదివారం మనవడొస్తున్నాడండీ,” అంది బురుల్చా. ఆమెకు ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి.

ఆమె తొలి మనవడు వాడు. ఇంకా కళ్ళతో చూడలేదు. కోడలి తల్లి కానిషాయ్ కొత్త చెక్క ఊయల తీసుకొచ్చి, వాణ్ణి ఈ ఇంట్లోనే మొదటిసారి అందులో పడుకోబెట్టాలి. ఊయల రాని ఇంటిని చూసి ఊరు ఏమనుకుంటుందో వేరే చెప్పక్కర్లేదు. విందుకు మాంసం ఆ కజాన్‌లోనే వండాలి. అది బురుల్చా తల్లి ఇచ్చింది.

పక్కింటావిడ సలహా మీద దేవదారు కొమ్మ వెలిగించి ఇల్లంతా పొగ వేసింది. దిష్టికీ జలుబుకీ పనిచేసే పొగ అది. ఆయన రేడియేషన్ కొలిచే తన పాత మిలటరీ యంత్రం తెచ్చి కజాన్ దగ్గర పెట్టాడు. కటకటమంది.

“విన్నావా, ఎంత బలంగా పలుకుతోందో,” అన్నాడు ముచ్చటగా.

తర్వాత సరదాకి ఆమె ఒళ్ళో పెట్టాడు. ఏప్రాన్ కూడా కటకటమంది. ఆ ఏప్రాన్‌తోనే ఆదివారం పసివాణ్ణి ఎత్తుకుందామనుకుంది బురుల్చా. ఆ మాట తలుచుకుని ఏప్రాన్ విప్పి పెరట్లోకి విసిరి, చేతులు మోచేతుల దాకా కడుక్కుని, విపత్తుల ఆఫీసుకి ఫోన్ చేసింది.

“ఎవరి దగ్గరున్నాయి పెద్దమ్మా ఆ గడియారాలు?” అడిగింది అవతలి అమ్మాయి. పేరు మీర్‌గుల్.

“మా ఇంటాయన దగ్గర.”

“ఆయన పేరు?”

బురుల్చా ఫోను ఆ చెవి నుంచి ఈ చెవికి మార్చుకుంది. ఆయన పేరు బోలోత్, అంటే ఉక్కు. పెళ్ళయిన నాటి నుంచి ఆ పేరే కాదు, ఉక్కు అన్న మాటే ఆమె నోటి వెంట రాలేదు. ఉక్కు బకెట్టు కావాలన్నా కొట్టువాడికి ‘గట్టి బకెట్టు’ అనే చెప్తుంది.

“నేను చెప్పకూడదమ్మా. నీకూ అమ్మమ్మ ఉండే ఉంటుంది.”

“ఉంది. కానీ ఎవరో ఒకరి పేరు రాయాలి కదా.”

“నాది రాసుకో.”

తెల్ల దుస్తుల మనుషులొచ్చారు. కొట్టంలోని గడియారాలు, కత్తి, ఏప్రాన్, కర్టెన్లు, కప్పు మీది సున్నం పట్టుకుపోయారు. చివరికి కజాన్ కూడా.

“కడిగితే పోదా?” అంది బురుల్చా.

“పోదు పెద్దమ్మా. ఈ పొడి ఊపిరితోనో కూడుతోనో లోపలికి పోతే ఎముకల్లో కూర్చుంటుంది. పసివాళ్ళ ఎముకలైతే మరీ.” మీర్‌గుల్ ముసలాయన వైపు తిరిగింది. “తాతా, ఇది ఎన్నేళ్ళు గీకినా పొయ్యి కాదు. మీరు మాత్రం పరీక్షలకి ఆసుపత్రికి నడవండి.”

ఇల్లు శుభ్రమయ్యేదాకా వేడుక వాయిదా పడింది. ఈలోగా, ఇంట్లో అణు ప్రయోగం చేసిన బురుల్చా అనే ముసలావిడ సంగతి జిల్లా అంతా పాకింది. కానిషాయ్ ఫోన్ చేసింది.

“వదినా, బాంబు వండుతున్నావట.”

“బాంబు కాదు వదినా, పొయ్యి.”

“పిల్లాడికి పాలు కూడా దాని మీదే కాస్తావా? ఊయల నేను తీసుకురాను.”

మా ఆయన పని అని ఒక్క ముక్క అంటే సరిపోయేది. కానీ అప్పుడు విందులో వియ్యాలవారి ముందు ఆయన తల ఎక్కడ పెట్టుకుంటాడు? బురుల్చా పళ్ళు బిగించింది. “తప్పయింది. ఆ ఆఫీసమ్మాయిని పిలుస్తాను. నీ కళ్ళ ముందే ఇల్లంతా యంత్రంతో చూడనీ. పలికితే వెనక్కి వెళ్ళిపో.”

కానిషాయ్ వచ్చింది. కోడలూ పసివాడూ గేటు బయట కారులోనే ఉన్నారు. మీర్‌గుల్ యంత్రం పట్టుకుని వంటిల్లు చూసింది, పరుపులు చూసింది, కొత్త కజాన్ చూసింది. చప్పుడు లేదు. బురుల్చా గేటు వైపు రెండడుగులు వేసింది.

గుమ్మం దగ్గర ముసలాయన పక్కనుంచి వెళ్తుంటే యంత్రం కటకటమంది.

జేబులు వెతికారు. ఏమీ లేదు. మీర్‌గుల్ యంత్రాన్ని పైకెత్తింది. ఆయన తెల్ల ఫెల్టు టోపీ దగ్గర అది పిచ్చెక్కినట్టు మోగింది. మగవాడి టోపీ మీద ఎవరూ చెయ్యి వెయ్యరు. ఆ ధైర్యంతోనే ఆ ఉదయం చివరి గడియారాన్ని అందులో పెట్టుకున్నాడు.

“ఒక్కటే,” అన్నాడు. “గుర్తుగా.”

కానిషాయ్ ఆయన్ని చూసింది, బురుల్చాని చూసింది. “ఓహో,” అంది. “నీ పేరుతో వండింది ఈ వంటవాడా, వదినా?”

టోపీ, గడియారం ఇనప డబ్బాలోకి వెళ్ళాయి. ముసలాయన తలా జుట్టూ కడిగించారు. యంత్రం ఇల్లంతా ఇంకోసారి తిరిగింది. నోరు మెదపలేదు. అప్పుడు గాని కానిషాయ్ కారు తలుపు తియ్యలేదు.

సాయంత్రం కరెంటు పోయింది. కొవ్వొత్తి పక్కన కొత్త ఊయల, అందులో గుప్పిళ్ళు బిగించి పసివాడు. టోపీ లేని తలతో గుమ్మం దగ్గర కూర్చున్న ముసలాయన ఉండబట్టలేకపోయాడు.

“ఇన్నేళ్ళ కష్టం నాది, పేరు నీకొచ్చింది, చివరికి నా టోపీ కూడా పట్టుకుపోయారు.”

“మీ పేరు నేనెలా చెప్తానండీ, మెల్లగా మాట్లాడండి, వాడు లేస్తాడు.”