యూల్యాన్ వదిన మీద మూడో ఫిర్యాదు

యూల్యాన్ వదినకు నోటికన్నా చెయ్యి ముందు. ఈ సంగతి మా వీధిలో పిల్లలకు తెలుసు, కుక్కలకు కూడా తెలుసు. ఒకసారి చేపలవాడు పాత చేప మొప్పలకు ఎర్రరంగు పూసి అంటగడితే, అదే చేప తోక పట్టుకుని వాడి రెండు చెంపలూ వాయించింది. సాయంత్రానికి దాన్నే పులుసు పెట్టి వాడి ఇంటికి ఒక గిన్నె పంపింది. "పాడైందో లేదో వాడే తిని చెప్పాలి కదే" అంది నాతో.

ఆమె పెరిగిందే గుండ్ల కింద. మా చిన్నప్పుడు ఎదుటి గట్టు చైనావాళ్ళు మా కిన్‌మెన్ ద్వీపం మీద రోజు విడిచి రోజు ఫిరంగులు పేల్చేవారు. పేలే రోజు నేలమాళిగలో, పేలని రోజు పొలంలో, అలా గడిచేది బతుకు. చివరి ఏళ్ళలో గుండ్లలో మందుకు బదులు కరపత్రాలే కూరేవారు గానీ, పైనుంచి పడితే ఇనుము ఇనుమే. ఒక తునక వాళ్ళ వంటింటి కప్పు చీల్చుకొచ్చి, చిలగడదుంపలు తరుగుతున్న వాళ్ళమ్మ ఎడమచేతి వేళ్ళు తీసుకుపోయింది. నెత్తుటి దుంపముక్కల్లోంచి ఆ వేళ్ళను ఏరింది యూల్యానే. అప్పటికి ఆమె ఇంకా పలకా బలపం పిల్ల. దెబ్బ పడేదాకా ఆగడం అనేది ఆ రోజుతో ఆమె ఒంట్లోంచి పోయింది.

పెళ్ళి చేసుకున్నది కమ్మరి ష్వేమూని. ఆయన ఆ పాత గుండ్ల పెంకులనే కాల్చి, సాగగొట్టి, వంటకత్తులు చేస్తాడు. "మా అమ్మ వేళ్ళు తిన్న ఇనుమును పొద్దస్తమానం సుత్తితో మోదేవాణ్ణి కాక ఇంకెవణ్ణి చేసుకుంటానే?" అనేది. సుత్తి మోతకు ఆయనకు ఒక చెవి పూర్తిగా పోయింది. రెండోది ఆయన ఇష్టం, వినాలనుకుంటే వింటుంది.

పర్యాటకులు తగ్గిపోయాక కొలిమి ఆరిపోయే రోజొచ్చింది. అప్పుడు వదిన కళ్ళజోడు ముక్కు మీదికి దించుకుని, ఫోను పట్టుకుని, ఆన్‌లైన్లో అంగడి తెరిచింది. కొలిమి మళ్ళీ మండింది. కొన్నవాళ్ళు ఏమన్నా మాటకు మాట అనకూడదని తనకు తనే కట్టడి పెట్టుకుంది, తన మాటల సంగతి తనకు తెలుసు కనుక. ఫోనులో వంగి దండం పెట్టే కుందేలు బొమ్మ ఒకటి, కన్నీళ్ళ కుందేలు ఒకటి, గులాబీ ఇచ్చే కుందేలు ఒకటి. వ్యాపారమంతా ఆ మూడు కుందేళ్ళతోనే.

అయినా ఫిర్యాదులు పడ్డాయి. కత్తిని ఉప్పునీళ్ళలో నానబెట్టి తుప్పు పట్టిందన్న మహాతల్లి ఒకరు, మరీ పదునుగా ఉంది, వేలు తెగింది అన్న మహానుభావుడు ఒకరు. మూడోది గనక నిలబడితే అంగడి మూసేస్తామని ఆ వెబ్‌సైటువాళ్ళు ముందే చెప్పారు. అంగడి మూస్తే కొలిమి ఆరుతుంది. కొలిమి ఆరితే ష్వేమూ మనిషి కాడు. ఒకసారి జబ్బుచేసి నెల్లాళ్ళు సుత్తి పట్టకపోతే, అన్నం కంచం ముందు కూర్చుని గోడకేసి చూసేవాడు. ఆ నెల వదిన మర్చిపోలేదు.

ఇట్లాంటి సమయంలో తగిలాడు దెషెంగ్.

తైవాన్ పెద్దదీవిలో షీలువో బజారులో ఉడికించిన బాతులమ్ముతాడు. పెద్దల సమాధులకు నైవేద్యాలు పెట్టే పండుగ ముందర బాతులకు గిరాకీ. వాడి పాత కత్తి ఎముక మీద పడి అంచు ఊడింది. కొత్తది కావాలి, అదీ నిన్ననే కావాలి. మా దీవి మీద వసంతంలో పొగమంచు కూర్చుంటే విమానాలు ఎగరవు, పార్సెళ్ళు కదలవు.

వదిన దండం కుందేలు పెట్టి "పొగమంచు అయ్యా, తెరిపి ఇవ్వగానే వస్తుంది" అని రాసింది.

"నువ్వు కత్తులమ్ముతున్నావా, పొగమంచు అమ్ముతున్నావా?" అన్నాడు వాడు.

కన్నీళ్ళ కుందేలు.

"కుందేళ్ళని కూడా కోస్తాను నేను. రేపటికి రాకపోతే నేనే వస్తా. ఫొటోలో పెట్టావే, ఆ గోడమీద కత్తి తీసి నిన్నే బాతుని కొట్టినట్టు ముక్కలు కొడతా. మెడ వేరు, రెక్కలు వేరు."

వదిన ఫోను పట్టుకుని మా కొట్టుకు వచ్చింది. మాది పక్కనే, వేరుశనగ మిఠాయి కొట్టు. "ఏమే, ఈ కుందేలు కత్తి పట్టుకున్న బొమ్మేమైనా ఉందేమో వెతికిపెట్టు."

"వద్దు వదినా. గులాబీ పెట్టు" అన్నాను.

పళ్ళు కొరుక్కుంటూ గులాబీ పెట్టింది.

పొగమంచు విడిచింది. పార్సెల్ వెళ్ళింది. 'చేరింది, ఇంట్లోవాళ్ళు తీసుకున్నారు' అని కొరియరువాళ్ళ కబురు కూడా వచ్చింది. గండం గడిచిందనుకునేలోపు దెషెంగ్ ఫిర్యాదు పడేశాడు, సరుకు అందలేదని. "ఇంట్లో ఉండేది మా అమ్మ, నా పెళ్ళాం. ఇద్దరూ చూళ్ళేదన్నారు. దొంగముండా, ఎవరి దగ్గర నేర్చుకున్నావ్ ఈ పని, మీ అమ్మ దగ్గరా?"

ఏం చెయ్యాలో నాకు తెలుసు, ఆమెకూ తెలుసు. కొరియరువాళ్ళ కబురు జతచేసి, మర్యాదగా రెండు ముక్కలు రాసి ఊరుకోవాలి. కానీ వాడు అమ్మ మాట ఎత్తాడు. నేను చెయ్యి పట్టుకునేలోగా వదిన మైకు బొమ్మ నొక్కేసింది.

"ఒరేయ్ బాతులోడా! మా అమ్మకి ఐదు వేళ్ళున్న చెయ్యి ఒక్కటే. ఆ ఒక్కదానితోనే నీలాంటోళ్ళని నలుగుర్ని పాతిపెట్టేది. దమ్ముంటే వచ్చి ఆ మాట నా ఎదురుగా అను!"

ఆ గొంతు విన్నాక మా కొట్టులో కొనడానికొచ్చిన మనిషి చిల్లర కూడా తీసుకోకుండా వెళ్ళిపోయాడు.

వాడు వచ్చాడు. తెల్లవారి మొదటి విమానంలో, బాతులు కోసే తోలు గుడ్డ నడుముకి అలాగే ఉండగా నేరుగా వాళ్ళ కత్తుల కొట్టుకే వచ్చాడు. తలుపంత మనిషి. "ఎవతి ఇక్కడ యూల్యాన్?" అన్నాడు.

"నేనే. అను ఇప్పుడు."

అనలేదు. వచ్చిన ఊపులో గాజు బీరువా మీద కాలు పెట్టి తన్నాడు. అద్దమంతా వాన కురిసినట్టు కురిసింది. వదిన బల్ల ఎత్తి విసిరింది. అది వాడి నుదురు చీల్చి గోడకు కొట్టుకుంది. నెత్తురు కంట్లోకి కారుతుంటే వాడు ఒక చేత్తో తుడుచుకుంటూ రెండో చేత్తో వదిన జుట్టు పట్టి గోడకేసి బాదాడు. ఒకసారి కాదు. వేలాడదీసిన కత్తులన్నీ గుడిలో గంటల్లా మోగాయి. ఆమె తల తిప్పి వాడి ముంజేతిని కొరికి, కండ నోట్లోకి వచ్చేదాకా వదల్లేదు. వాడు అరిచి, తలతో ఆమె మూతిమీద గుద్దాడు. టక్కుమని కింది పన్నొకటి ఎగిరి గాజుముక్కల్లో పడింది. వదిన నెత్తురు ఉమ్మేసి, నడుం వంచుకుని, మా కొట్టులోకి దూకింది.

"వదినా, వద్దు!" అన్నాను. మిఠాయి దంచే కొయ్య సుత్తి అప్పటికే ఆమె చేతికెక్కింది.

తిరిగి వెళ్ళేసరికి వాడు గోడమీంచి కత్తి తీశాడు. అన్నమాట ప్రకారం మెడమీదికే విసిరాడు చెయ్యి. వదిన వంగింది. కత్తి తలుపుచెక్కలో సగం దిగింది. వాడు లాగేలోపు సుత్తి వాడి మణికట్టు మీద పడింది. ఆ చప్పుడు నాకింకా గుర్తుంది. వేరుశనగలు దంచేటప్పుడు సరిగ్గా అట్లాగే వస్తుంది. వాడు మోకాళ్ళమీద కూలాడు. వదిన రెండో దెబ్బకు సుత్తి ఎత్తింది. ఈసారి నడినెత్తికి గురి.

ఇంత జరుగుతున్నా లోపల ష్వేమూ సుత్తి ఆగలేదు. కాల్చిన కత్తిని నీళ్ళలో ముంచడానికి బయటికొచ్చినవాడు అలాగే నిలబడ్డాడు. పట్టకారుకు ఎర్రగా కాలుతున్న ఇనుము. దాన్ని తీసుకొచ్చి ఇద్దరి ముఖాల మధ్య పెట్టాడు. వెంట్రుకలు కమిలిన వాసన వచ్చింది. ఇద్దరూ చెరో పక్కకు పాక్కున్నారు.

ష్వేమూ పెద్దగా అన్నాడు, చెవిటివాళ్ళు అన్నట్టే: "బేరం కుదర్లేదా?"

మా వీధి పోలీసు కుర్రాడొచ్చాడు. పగిలిన బీరువానూ, తలుపులో దిగిన కత్తినీ, ఇద్దరి ముఖాలనూ మార్చి మార్చి చూసి ఏమైందన్నాడు. "జారిపడ్డాం" అన్నారిద్దరూ ఒక్కసారే. కేసయితే ఆమె అంగడీ పోతుంది, వీడి పండుగ వ్యాపారమూ పోతుంది.

ఎముకలు కట్టే ముసలాయన దెషెంగ్ మణికట్టుకు వెదురు బద్దలు కట్టేసరికి సముద్రం మీంచి పొగమంచు తెల్లగా మళ్ళీ దిగింది. మధ్యాహ్నం విమానాలన్నీ రద్దు. పండుగకు ఊరికొచ్చిన జనంతో బసలన్నీ నిండిపోయాయి. వాడు వీధిలో నిలబడి తన చెయ్యి తనకే కనపడనంత పొగమంచులోకి కాసేపు చూశాడు.

వదిన వాచిన మూతితో అంది: "ఏం, నేనమ్మేది ఇదేగా. బావుందా సరుకు?"

ష్వేమూ వాడి భుజం పట్టి లోపలికి తీసుకొచ్చి, గంజి గిన్నె ముందు కూర్చోబెట్టాడు. ముత్యపుచిప్పల మాంసం వేసి మెత్తగా కాచిన గంజి. నమలలేని ఆమెకూ, చెయ్యి లేవని వాడికీ అదొక్కటే దారి. ఎడమచేత్తో వాడు సగం ఒలకబోసుకుంటుంటే వదిన చూసి చూసి, చెంచా లాక్కుని, వాడి నోట్లో కుక్కడం మొదలుపెట్టింది.

"ఫిర్యాదు వెనక్కి తీసుకో."

"కత్తి ఇవ్వు, తీసుకుంటా."

"పంపానురా, గాడిదా!"

"రాలేదంటే నమ్మవేం ముసలీ!"

చెంచా పళ్ళకు తగిలి టంగుమంది. మళ్ళీ మొదలవుతుందనుకుని నేను గిన్నె పక్కకు జరిపాను. అంతలో వాడి ఫోను మోగింది. వాడి ఎడమచెయ్యంతా గంజి కనుక వదినే నొక్కి బల్లమీద పెట్టింది. వాళ్ళమ్మ.

"ఎక్కడ చచ్చావురా? బాతులు ఉడికి చల్లారిపోతున్నాయి!"

"కిన్‌మెన్‌లో. ఆ కత్తి కోసం."

అటు గొంతు తగ్గింది. "కత్తి నా దగ్గరుందిరా."

"అమ్మా!"

"అరవకు. ఎర్రగుడ్డలో చుట్టి భూదేవుడి గుడిలో బల్లకింద పెట్టాను. కొత్త కత్తి, అదీ నరికే కత్తి, అదీ మనుషుల్ని చంపిన గుండుతో చేసింది, ఈ ఇంటి గడప ఎలా దాటనిస్తాన్రా? కడుపులో బిడ్డకు పెదవి చీలితే?"

"ఏ కడుపులో?"

"నీ పెళ్ళాం కడుపులో, మొద్దువెధవా! మూడు నెలలు నిండకుండా ఎవరికీ చెప్పకూడదు కదా. నీకు చెబితే షీలువో బజారంతా బాతుతోపాటు పొట్లం కట్టి ఇస్తావు. అందుకే దాచాం."

"అందలేదని అంత అరిచాను కదమ్మా…"

"అరిచావు. ఒక్కసారైనా నిమ్మళంగా అడిగావా?"

దెషెంగ్ నోరు తెరుచుకుంది. గంజి గడ్డంమీంచి కారింది. చీలిన నుదురు, కట్టిన చెయ్యి, ముంజేతిమీద వదిన పళ్ళ గుర్తులు, ఇంతటి మనిషీ వెక్కివెక్కి ఏడ్చాడు. వదిన ముఖం తెల్లబోయింది. కత్తి సంగతికి కాదు. మూడు నెలలు నిండని కబురు పరాయి చెవుల్లో పడింది కదా, అందుకు. ఫోను దగ్గరికి వంగి, "అత్తా, ఇక్కడెవరం ఏమీ వినలేదు" అంది. నేనూ వినలేదన్నాను. ష్వేమూ నిజంగానే వినలేదు.

ఫిర్యాదు వెనక్కి తీసుకోడానికి కారణం చెప్పమంది ఆ వెబ్‌సైటు. నిజం రాయడానికి లేదు. వాడు చెబుతుంటే వదిన వేలితో ఒక్కో అక్షరం కొట్టింది: 'పొగమంచు.'

తర్వాత నక్షత్రాలు ఇమ్మంది. వాడు నాలుగన్నాడు.

"ఐదోది?"

"సరుకు మంచిదే. కానీ అమ్మే మనిషి కొడుతుంది."

వదిన సుత్తి ఎక్కడుందోనని చుట్టూ చూసింది. తర్వాత ఏమనుకుందో, నాలుగే నొక్కింది. కిందనే గులాబీ ఇచ్చే కుందేలు పెట్టింది.

ఈలోగా ష్వేమూ గాజుముక్కలు ఊడుస్తూ ఆమె పన్ను దొరికించుకున్నాడు. చొక్కాతో తుడిచి, వాకిట్లోకి వెళ్ళాడు. కింది పన్ను ఊడితే కప్పుమీదకు విసరాలి, అప్పుడు కొత్తది మొలుస్తుంది. పిల్లలకు చేసే పనే. వదినకు మనవలున్న వయసని ఆయనకెవరూ చెప్పలేదు కాబోలు. పొగమంచులో కప్పెక్కడుందో కనపడటం లేదు. అటూ ఇటూ చూసి, గట్టిగా విసిరాడు.

"చేరిందా?" అనడిగాడు, తన మంచి చెవి ఇటు తిప్పి.

వదిన వాచిన పెదవులు కదిపింది. "చేరిందయ్యా. ఇంట్లోవాళ్ళే తీసుకున్నారు."