తొమ్మిదో రేకు

మా వీధిలో ఎవరూ లేసు డిజైనును కాగితం మీద చూసి అల్లరు. ఒక పువ్వు అల్లి చేతికిస్తే, దాన్ని ఒళ్లో పెట్టుకుని, రేకులు లెక్కపెట్టుకుని, అచ్చం అలాగే అల్లుకుపోతాం. నరసాపురం చుట్టుపక్కల మా అమ్మమ్మల కాలం నుంచీ ఇదే పద్ధతి. చిక్కల్లా ఏమిటంటే, మొదటి పువ్వులో ఏముంటే అదే అందరి పువ్వుల్లోనూ వచ్చేస్తుంది.

ఆ మొదటి పువ్వు ఎప్పుడూ మా అమ్మే అల్లేది. ఆవిడ దగ్గర పని నేర్చుకోవడమంటే మాటలు కాదు. ఒక్క కుట్టు తేడా వచ్చినా "విప్పెయ్" అనేది, అంతే. నాకు పిల్లలు పుట్టాక కూడా నా చేత విప్పించింది. కళ్లకు శుక్లాలు వచ్చాయని డాక్టరు చెప్పినప్పుడు ఒకే మాట అంది: "చెయ్యి తప్పిన్రోజున సూది పక్కన పెట్టేస్తాను. నన్నెవరూ బతిమాలొద్దు." అన్న మాట మీద నిలబడే మనిషి. సూది లేకుండా అమ్మ రోజంతా ఏం చేస్తుందో నా ఊహకు కూడా అందలేదు.

ఆ శుక్లాల ఆపరేషన్‌కు ముందు ఆవిడ అల్లిచ్చిన పువ్వు చూసి మేం ఐదుగురం టేబుల్ క్లాతులు అల్లాం. పువ్వు అంచులు కాస్త పైకి లేచి ముచ్చటగా ఉన్నాయి. మా దగ్గర లేసు కొనే ఏజెంటుగారు వాటిని పట్టుకెళ్లి, వారం తిరక్కుండా ఫోన్ చేశారు.

"ఆఫీసులో తెగ నచ్చేసిందండి. కొత్త డిజైనంట కదా, పేరేంటని అడుగుతున్నారు. కనిపెట్టినోళ్ల పేరైనా పర్లేదంట. బుధవారంలోగా చెప్పకపోతే పేరు బదులు నంబరేసేస్తారండి."

కొత్త డిజైనేమిటి? అది పాతదే కదా! పెట్టె అడుగునున్న పాత నమూనా తీసి చూశాను. ఎనిమిది రేకులు. అమ్మ అల్లినదానికి తొమ్మిది. ఒక రేకు ఎక్కువై, చోటు చాలక, పువ్వు పైకి లేచింది. చూపు ఆనక లెక్క తప్పిందా? కావాలనే వేసిందా? బుద్ధెరిగిన దగ్గర్నుంచీ అమ్మ లెక్క తప్పడం నేను చూడలేదు. కావాలని వేసుంటే ఒక్క మాటైనా చెప్పేది కదా?

మిగిలినవాళ్లకు ఈ సంగతి చెప్పకుండా పేరు మాత్రం అడిగాను. పిన్ని "గోదారి పువ్వు" అంది. టిఫిన్ సెంటరు నుంచి టైలరు షాపు దాకా అన్నిటికీ గోదారేనా అని అందరూ నవ్వారు. పక్కింటావిడ "కలువ" అంది. ఆ పేరుతో ఇప్పటికే రెండున్నాయి. అన్నం వారుస్తూ, బట్టలు ఆరేస్తూ పేర్లు అనుకుంటూనే ఉన్నాను. ఏది అనుకున్నా తప్పుకు ముసుగేస్తున్నట్టే ఉంది. పోనీ అమ్మ పేరే పెడదామా? తన పొరపాటుకే తన పేరు పెట్టామని తెలిసిన రోజు ఆవిడ మళ్లీ సూది ముట్టదు.

మంగళవారం తమ్ముడు అమ్మను రాజమండ్రి తీసుకెళ్లి కొత్త కళ్లజోడు వేయించుకొచ్చాడు. వచ్చీ రాగానే అరుగు మీద కూర్చుని, "పేరేదో అడుగుతున్నారంటగా, ఏదీ, చూడనీ" అంది. దాచేద్దామంటే ఆ మొదటి పువ్వు నా ఒళ్లోనే ఉంది. తీసుకుని గోటితో లెక్కపెట్టింది.

"తొమ్మిదున్నాయేంటే? ఎవరల్లారు ఇది?"

"నేనేనమ్మా," అనేశాను.

పువ్వును వెనక్కి తిప్పింది. దారం కొసను రెండుసార్లు లోపలికి దూర్చి దాచడం మా వీధిలో అమ్మకొక్కదానికే అలవాటు. ఆ సంగతి నాకు అప్పుడు గుర్తొచ్చింది. అమ్మ వేలు సరిగ్గా ఆ కొస దగ్గరే చాలాసేపు ఆగింది. "విప్పెయ్" అంటుందని ఎదురుచూశాను.

"అయితే నీ పేరే పెట్టుకో," అంది.

ఆ డిజైను ఇప్పుడు నా పేరుతోనే వెళుతోంది. క్లాతులు పెట్టే అట్ట మీద ఆ పేరు చూసినప్పుడల్లా సిగ్గేస్తుంది. అమ్మను కాపాడానో, అమ్మ సొత్తు కాజేశానో ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను. ఆవిడను అడిగే ధైర్యం లేదు. ఆ రోజు పేరు సంగతి అయిపోగానే అమ్మ సూది అందుకుంది. నేను పక్కన కూర్చుని రేకు రేకూ లెక్కపెట్టాను. తొమ్మిది వేసి, దారం తెంపి, కొసను రెండుసార్లు లోపలికి దూర్చింది.