గంట పాటకు యాభై నిమిషాల కొసరు

కె.ఆర్.పురంలోని ఒక కల్యాణ మంటపంలో, పట్టపగలు, మూడువందల మంది చూస్తుండగా మా బ్యాండును ముంచిన మహానుభావుడి కథ ఇది. వాన ముంచలేదు, కరెంటు ముంచలేదు, పక్కింటివాళ్ల పోలీసు ఫిర్యాదూ ముంచలేదు. నేనే ముంచాను. అదీ ఎలాగనుకున్నారు? భలే బేరం చేశానని మురిసిపోతూ, మీసం లేకపోయినా దువ్వుకుంటూ ముంచాను.

ఇంతటి తెలివి నాకు ఎక్కడిదో ముందు చెప్పాలి. మా నాన్నకు చిక్కపేటలో లేసులు, గుండీల అంగడి. మిగతా పిల్లలు ఉయ్యాలలో జోలపాటలు వింటారు, నేను బేరాలు విన్నాను. మా వంశానికంతటికీ మంత్రం ఒక్కటే: రేటు తగ్గించకు, కొసరు ఇవ్వు. మీటరు లేసుకు పది రూపాయలు తగ్గించమని ఏ ఆవిడైనా అడిగితే నాన్న గుండె పట్టుకునేవాడు. ఆవిడ లేచి మెట్లు దిగబోతుంటే మాత్రం జానెడు లేసు ఎక్కువ కోసి, "ఇది మీకు మాత్రమే అమ్మా, ఇంకెవురికీ ఇయ్యను" అనేవాడు. ఆ మాట రోజుకు నలభై మందికి చెప్పేవాడు. నలభై మందీ ఆ జానెడు లేసును గెలుచుకున్న రాజ్యంలా పట్టుకుపోయేవారు.

అలాంటి నేను బ్యాండులో చేరాను. పేరు 'మూడో క్రాస్', ఎందుకంటే మేం సాధన చేసే గది మహదేవపురలో మూడో క్రాసులో ఉంది. పేరు పెట్టడానికి అంతకన్నా ఆలోచించే ఓపిక మాకు లేదు. మొత్తం ముగ్గురం. పాడేదీ, గిటార్ వాయించేదీ గ్రేస్. నెల్లూరమ్మాయి, సాఫ్ట్‌వేర్ కంపెనీలో పని. డ్రమ్స్ ఖాదర్‌వి. హిందూపురం నుంచి వచ్చాడు. వారమంతా కస్టమర్ కేర్‌లో ఫోనెత్తి "క్షమించండి సార్" అంటాడు, ఆ కసంతా శని ఆదివారాల్లో డ్రమ్స్ మీద తీర్చుకుంటాడు. నాది బాస్ గిటార్. బాస్ గిటార్ మోగుతున్నంతసేపూ ఎవరూ పట్టించుకోరు గానీ, ఆగితే పాట బోసిపోతుందంటారు. నేను రెండుసార్లు ఆగి చూశాను. ఎవరూ ఏమీ అనలేదు.

నన్ను ఉంచుకున్నది వాయిద్యం కోసం కాదని మీకీపాటికి అర్థమైపోయి ఉంటుంది. బేరాలన్నీ నావే.

మా వైభవం గురించి కూడా రెండు ముక్కలు వినండి. ఒకసారి ఒక కంపెనీ క్యాంటీన్‌లో వాయించడానికి నిలబడితే, భోజనం టోకెన్లు ఇచ్చేవాళ్లమనుకుని వందమంది మా ముందు వరస కట్టారు. అంత పెద్ద జనం మాకు మళ్లీ దొరకలేదు. ఇంకోసారి ఒక అపార్టుమెంటులో ఉగాది వేడుకలకు పిలిచారు. మూడో పాటకే అసోసియేషన్ సెక్రటరీ చేతులు జోడించుకుంటూ వచ్చి, "చాలా బాగుంది, ఇక ఆపండి" అన్నాడు. అయినా మేం ఆగలేదు. అంటే, ఆ రోజు ఆగాం. పట్టు వదల్లేదని నా ఉద్దేశం.

పట్టంటే గ్రేస్‌ది. తను సొంతంగా ఒక పాట రాసింది. కె.ఆర్.పురం బ్రిడ్జి దగ్గర రోజూ క్యాబు ఆగిపోతుంది కదా, అలా ఆగినప్పుడల్లా ఒక్కో ముక్క రాసుకుంటూ రెండేళ్లలో పూర్తి చేసింది. ఆ ట్రాఫిక్ తెలిసినవాణ్ణి కాబట్టి చెబుతున్నాను, అంత ఖాళీ దొరికితే ఇంకొకరు మహాకావ్యమే రాసేవారు. అయితే పాట మాత్రం నిజంగా బాగుంటుంది. "ఎర్రదీపం కింద నా ఈడు కరిగిపోతోంది" అని మొదలవుతుంది. మొదటిసారి విన్నప్పుడు ఖాదర్ కర్రలు కిందపెట్టేసి గోడకేసి తిరిగాడు. కళ్లలో దుమ్ము పడిందన్నాడు. కిటికీలు లేని గది మాది.

ఆ పాటను స్టేజి మీద పాడనిచ్చేవాళ్లే దొరకలేదు. అందరికీ సినిమా పాటలే కావాలి. ఇంతలో గ్రేస్ వాళ్ల మేనేజరు, ఇకనుంచి శని ఆదివారాలు కూడా డ్యూటీ చేయాలి, చేస్తావో లేదో సోమవారంలోగా చెప్పమన్నాడు. చేస్తానంటే బ్యాండు మూసేసినట్టే.

సరిగ్గా అప్పుడే ఒక దారి కనిపించింది. ప్రసాద్ గారని చిత్తూరాయన మహదేవపురలో కొత్తగా హోటల్ తెరుస్తున్నాడు. ఆదివారం మధ్యాహ్నాలు సొంత పాటలు పాడే బ్యాండు కావాలట. ఫోన్ చేస్తే, "వచ్చే ఆదివారం మా బంధువుల పెళ్లి కె.ఆర్.పురంలో. అక్కడ మీరు వాయించే ఏర్పాటు చేసుకోండి, వింటాను. ఒంటిగంటన్నరకు నేను ఇంకో పెళ్లికి పోవాలి" అన్నాడు.

గ్రేస్ నా వైపు తిరిగింది. "గిరీ, పెళ్లివాళ్లతో మాట్లాడేది నువ్వే. నాకు ఇంకేం వద్దు. ఆ పాట ఆయన చెవిన పడాల. పడితే సోమవారం ఆ డ్యూటీ చెయ్యనని చెప్పేస్తా. అర్థమైందా?"

"నాకొదిలెయ్" అన్నాను. మనిషి చరిత్రలో ఈ మాట అన్నవాళ్లెవరూ బాగుపడినట్టు నేను వినలేదు.

పెళ్లికూతురి తండ్రి నారాయణప్ప గారు. చింతామణి నుంచి వచ్చి పాతికేళ్లుగా ఇక్కడే ఇనుప సామాన్ల వ్యాపారం చేస్తున్నాడు. మా నాన్న అంగడి ఆయన ఎరిగినదే. ఇనుప సామాను, లేసుల వ్యాపారం ఎదురెదురుగా కూర్చున్నాయి.

"ముగ్గురే ఉండారు గదప్పా మీరు. రేటేమో జాస్తి చెప్తా ఉండారు" అన్నాడాయన.

"ముగ్గురం కాబట్టే అన్నా మీకు లాభం. మూడు భోజనాలతో పోతుంది."

"గంటసేపుకు ఇంత రేటా? ఇంకొంచం తగ్గించప్పా."

నా రక్తంలో నాన్న లేచి కూర్చున్నాడు. "రేటు మాత్రం అడగొద్దన్నా. మీకు మాత్రం ఒక కొసరు ఇస్తా. ఇంకెవురికీ ఇయ్యను."

"ఏమిస్తావు?"

"మీవాళ్లెవరైనా పాడతామంటే మా మైకు, మా వాయిద్యం. ఒక పది నిమిషాలు."

ఆయన ముఖం వెలిగిపోయింది. "మా బామ్మర్ది చలపతి ఉండాడు. రెండు పాటలు పాడతాడు. సరే పో, ఖాయం."

ఇక్కడితో ఆగి ఉంటే నేను ఈ కథ రాసేవాణ్ణి కాదు. కొసరు ఇచ్చినప్పుడు మనిషి ముఖంలో కనిపించే ఆ వెలుగు ఉందే, దానికి నేను చిన్నప్పటి నుంచీ బానిసను. మర్నాడు పెళ్లికొడుకు అన్న ఫోన్ చేసి, మా ఏర్పాటు వాళ్లకు నచ్చలేదన్నట్టు గొణిగాడు. వెంటనే అతని స్నేహితుల డాన్సుకు పది నిమిషాలు ఇచ్చేశాను. పెళ్లికూతురి పెదనాన్న రిటైరయ్యాక శాక్సాఫోన్ నేర్చుకుంటున్నాడని తెలిసి, ఎవరూ అడగకుండానే ఆయనకు పదిహేను ఇచ్చాను. వీడియోగ్రాఫరుకు వధూవరులు నడిచొచ్చే దృశ్యం మూడుసార్లు తీయాలట, మేం మూడుసార్లూ వాయించాలట. ఇంకో పదిహేను. అందరికీ "మీకు మాత్రమే" అని చెప్పాను. అప్పటికి నా లెక్కలో పది నిమిషాలు మిగిలాయి. గ్రేస్ పాట ఐదే నిమిషాలు. ఇంకా ఐదు మిగులు! నాన్న చూస్తే కన్నీళ్లు పెట్టుకునేవాడు కదా అనిపించింది. మా వాళ్లకు చెప్పలేదు. ఇంత మంచి వార్త ఒక్కసారే చెబుదామనుకున్నాను.

లేసుకూ గంటకూ తేడా ఒకటుందని ఆ వారమంతా నాకు తట్టలేదు. లేసు చుట్ట అయిపోతే ఇంకో చుట్ట తెచ్చుకోవచ్చు.

ఆదివారం పన్నెండింటికి మంటపంలో స్టేజి ఎక్కాం. ముందు వరసలో ప్రసాద్ గారు కూర్చున్నాడు, తెల్లచొక్కా, చేతికి పెద్ద గడియారం. గ్రేస్ గొంతు సవరించుకుంది. "మొదట రెండు మామూలు పాటలు, మూడోది నాది. సరేనా?"

"అదీ... మొదట వీడియో" అన్నాను.

"ఏ వీడియో?"

చెప్పాను. చెబుతూనే మిగతావి కూడా చెప్పాల్సి వచ్చింది. ఖాదర్ వేళ్లు మడిచి లెక్కపెట్టాడు. "ఏమప్పా గిరీ, గడియారం అమ్మినావు సరే, ముళ్లు గూడా కొసరిచ్చినావా?"

గ్రేస్ మాత్రం తిట్టలేదు. ఆవిడ తిట్టి ఉంటే నాకు హాయిగా ఉండేది. గిటార్ తీగలు బిగించుకుంటూ, "పది నిమిషాలు ఉండాయి కదా. చాలు. పాడేదే" అంది.

వధూవరులు మూడుసార్లు కాదు, ఆరుసార్లు నడిచారు. మూడోసారి పెళ్లికొడుకు తుమ్మాడు, నాలుగోసారి ఎవరో అత్తయ్య అడ్డొచ్చింది. ఆరోసారికి ఆ జంట పెళ్లయి ఇరవై ఏళ్లయినవాళ్లలా నడిచింది. తర్వాత స్నేహితుల డాన్సు. పాట మధ్యలో పెన్ డ్రైవ్ ఆగిపోతే మొదటినుంచీ చేశారు. పెదనాన్న శాక్సాఫోన్ ఎత్తాడు. మొదటి ఊదుకే, ముందు వరసలో పసిబిడ్డ లేచింది, రెండో ఊదుకు మిగతా పసిబిడ్డలూ లేచారు. ఆయన అదంతా ఆదరణ అనుకుని ఇంకొకటి ఎత్తుకున్నాడు.

ఆఖరున చలపతి మామ వచ్చాడు. రెండు పాటలే పాడాడు, అబద్ధం చెప్పకూడదు. అయితే పల్లవి కాగానే ఆగి, "శృతి చాల్లేదప్పా, ఇంకొంచం ఎక్కియ్యి" అనేవాడు. ఎక్కిస్తే, "దించు" అనేవాడు. శృతి కాదది, బావిలో బొక్కెన.

ఆయన దిగేసరికి ఒంటిగంట. గ్రేస్ మైకు పట్టుకుంది, నోరు తెరిచింది. సరిగ్గా అప్పుడు వెనకనుంచి ఎవరో భోజనాలకు కేకేశారు. "ఊట రెడీ! రండప్పా రండి!"

అయ్యా, వరద గేట్లు ఎత్తడం మీరెప్పుడైనా చూశారా? మూడువందల మంది ఒకే తలుపులోంచి కిందకు పోయారు. అందరికంటే ముందు ప్రసాద్ గారు, పాపం ఆయన ఇంకో పెళ్లికి పోవాలి కదా.

నేను పరుగున నారాయణప్ప గారి దగ్గరకు పోయాను. "అన్నా, మీరు తీసుకున్న కొసరులో ఐదు నిమిషాలు వాపసియ్యండి. భోజనాలు ఐదు నిమిషాలు ఆపండి."

ఆయన నన్ను జాలిగా చూశాడు. "ఇచ్చిన కొసరు వాపసడిగేది యాడన్నా ఉండాదా? మీ అంగట్లో కోసిన లేసు మళ్లా అతికిస్తారాప్పా? ఇంకొక సంగతి, ఊట ఆపితే నా వియ్యంకుడు నన్ను ఆపేస్తాడు."

తిరిగొచ్చి తలదించుకుని నిలబడ్డాను. "తప్పు నాదే, గ్రేస్. తిట్టు."

"తిట్టేదానికి టైము లేదు. ఒంటిగంటన్నర దాకా ఆయన ఆకు ముందరే ఉంటాడు గదా?" గిటార్ మెడలో వేసుకుంది. "మనమే ఆకు దగ్గరికి పోదాం. పదండి."

కింద భోజనాల హాలు గుమ్మంలో వంటల కాంట్రాక్టరు గరిటె అడ్డం పెట్టాడు. "ఏ, ఇక్కడ పాటా గీటా ఏమీ లేదు. నాకు వడ్డించేవాళ్లు ఇద్దరు రాలేదు, నా తల తిరుగుతా ఉండాది."

అప్పుడు నాకు మళ్లీ ప్రాణం వచ్చింది. ఇది నా భాష.

"అన్నా, వీళ్లిద్దరినీ పాడనియ్యి. నీకు వడ్డించే మనిషిని నేనిస్తా."

"ఎవుడు?"

"నేనే."

ఆయన నన్ను పైనుంచి కిందికి చూసి, చేతిలో ఒబ్బట్ల పళ్లెం, నేతి గిన్నె పెట్టాడు. ఎలాగూ స్పీకరు లేకుండా నా బాస్ గిటార్ మోగదు. బ్యాండుకు నష్టమేమీ లేదు.

ఖాదర్ ఖాళీ సాంబారు బకెట్టు బోర్లించి ముందు పెట్టుకున్నాడు. గ్రేస్ బంతుల మధ్య నిలబడి, మైకు లేకుండా, పాట ఎత్తుకుంది. మొదటి చరణానికి ఎవరూ తలెత్తలేదు. అప్పడాల చప్పుడే గట్టిగా ఉంది. తను గొంతు తగ్గించలేదు, ఇంకొంచెం పెంచింది. రెండో చరణంలో ట్రాఫిక్ మాట రాగానే, రోజూ ఆ బ్రిడ్జి కింద ఇరుక్కునే జనం కదా, ఒక్కొక్క చెయ్యీ ఆకు మీద ఆగింది.

ప్రసాద్ గారు మాత్రం గడియారం చూసుకుని ఆకు మడవబోయాడు. ఎగిరి ఆయన ముందు పడ్డాను. ఒక ఒబ్బట్టు వేశాను.

"చాలయ్యా, చాలు."

"కొసరు సార్. మీకు మాత్రమే."

వేసింది పారేయలేక తిన్నాడు. మళ్లీ లేవబోయాడు. మళ్లీ వేశాను, మీద నెయ్యి.

"ఏందయ్యా నువ్వు, నాకు షుగరుంది!"

"ఇది చిన్నది సార్."

అలా ఐదు నిమిషాల పాటకు నాలుగు ఒబ్బట్లు. మూడోదానికి ఆయన నన్ను తిట్టడం ఆపేశాడు. నాలుగోదాన్ని ముట్టుకోలేదు కూడా. చెయ్యి ఆకు మీదే ఉంది, తల గ్రేస్ వైపు తిరిగింది. పాట అయిపోయాక హాలంతా ఎంగిలి చేతులతోనే చప్పట్లు కొట్టింది. నా చొక్కా మీద ఇప్పటికీ ఆ సాంబారు మరకలున్నాయి.

ప్రసాద్ గారు చెయ్యి కడుక్కుని నేరుగా గ్రేస్ దగ్గరకొచ్చాడు. "పాట బాగుందమ్మా. వచ్చే ఆదివారం నుంచి రండి. ఎంత తీసుకుంటారు?"

నేను నోరు తెరిచాను. ఖాదర్ నా నోట్లో ఆ నాలుగో ఒబ్బట్టు కుక్కాడు. గ్రేస్ తనే రేటు చెప్పింది. నేను అడిగేదానికంటే ఎక్కువ, అదీ రెప్ప వేయకుండా.

ప్రసాద్ గారు నవ్వాడు. "రేటు సరే. మరి నాకేం కొసరిస్తారు?"

గ్రేస్ నావైపు వేలు చూపించింది. "ఇతను వడ్డిస్తాడు సార్."

సోమవారం తను మేనేజరుకు కుదరదని చెప్పేసింది. మా బ్యాండు ఈ రోజుకీ ప్రతి ఆదివారం ఆ హోటల్లో వాయిస్తోంది. పాటకూ పాటకూ మధ్య నేను బాస్ గిటార్ పక్కన పెట్టి నేతి గిన్నె అందుకుంటాను. వడ్డన బాగుందని ముగ్గురు మెచ్చుకున్నారు. బాస్ గురించి ఎవరూ ఏమీ అనలేదు.

అందుకే, చదువుతున్న మీ అందరి సాక్షిగా, చిక్కపేట నడివీధిలో నిలబడినంత గంభీరంగా చెబుతున్నాను. నా బొందిలో ప్రాణం ఉండగా ఎవరికీ, ఎంత బతిమాలినా, ఇక కొసరు ఇవ్వను. నాన్న మీద ఒట్టు. బాస్ గిటార్ మీద ఒట్టు. గ్రేస్ పాట మీద ఒట్టు. ఈ మూడూ చాలవంటే, నేతి గిన్నె మీద ఇంకొకటి వేస్తాను, అది కొసరు. మీకు మాత్రమే.