నీళ్ల వెంట తిరిగిన వీలునామా

పక్క చేన్లో పొద్దుటి నుంచి బోరుబండి మోగుతోంది. తెల్లటి రాతిపొడి గాలికి లేచి పెరట్లో ఆరేసిన బట్టల మీద, ఇప్పుడే మొక్కి వచ్చిన తులసి మీద పడుతోంది. నోట్లోనూ ఆ పొడి రుచే. మా శింగనమల వైపు ఈ మోత వింటే అందరూ నీళ్లు పడతాయా అని చెవులు రిక్కిస్తారు. నాకు మాత్రం మళ్లీ రిజిస్ట్రార్ ఆఫీసుకు బస్సెక్కాలేమోనన్న చికాకు పుడుతుంది. మా నాగమ్మత్త పోయి చాలా కాలమైనా ఆ చికాకు నన్ను వదల్లేదు.

నాగమ్మత్త మా నాయనకు అక్క. చిన్నప్పుడే అమ్మ పోవడంతో ఇంటిపని నా మీద పడి బడికి పోలేదు. మధ్యాహ్నం పూట అత్త వచ్చి, భజన పాటల పుస్తకం ముందు పెట్టుకుని, నాకు అక్షరాలు నేర్పింది. ఈ నాలుగు ముక్కలు రాయగలుగుతున్నానంటే ఆ తల్లి పెట్టిన భిక్షే. పూజలో దేవుడి తర్వాత ఆమెనే తలుచుకుంటాను. అయితే చదువు చెప్పినందుకు ఆమె కూడా ఊరకే వదల్లేదు. రాయించిన ప్రతి వీలునామాకూ నా చేత సాక్షి సంతకం పెట్టించుకుంది.

ఆమెకు పుట్టింటివాళ్లు రాసిచ్చిన చేను ఉండేది. నడుమ బండిదారి, తూర్పున ఒక ముక్క, పడమర ఒక ముక్క. పెద్దకొడుకు రామాంజికి అనంతపురంలో ఎరువుల అంగడి ఉంది. చిన్నవాడు శీనకు ఆ చేనే ఆధారం. అందుకని బోరూ, బత్తాయి చెట్ల చీనీతోటా ఉన్న తూర్పు ముక్క శీనకు, మెట్టగా పడి ఉన్న పడమటి ముక్క రామాంజికి రాయించింది. ఇద్దరూ ఒప్పుకున్నారు. అక్కడితో అయిపోవాల్సింది. కానీ మా నేలలో నీళ్లు ఒకచోట నిలుస్తాయా? తూర్పు బోరు ఎండింది. తోటను బతికించుకోవాలని శీన ఎన్నిచోట్ల వేయించినా దుమ్మే లేచింది. చివరికి పడమటి ముక్కలో నీళ్లు పడ్డాయి. ఊరంతా సంతోషిస్తుంటే అత్త మా గడపలో వచ్చి కూర్చుంది. కాగితం ప్రకారం ఇప్పుడు నీళ్లు పెద్దవాడివి, ఎండిపోయే చెట్లు చిన్నవాడివి.

"వీలునామా మార్చల్ల మే," అంది.

పడమటి చేను రామాంజికే గానీ అందులోని బోరు శీనదని రాయించింది. మూడు వేసవులు గడవకముందే ఆ బోరూ ఎండింది. దానికి కాస్త అవతల మరొకటి వేస్తే పడింది. అంటే వీలునామాలో శీనకు మిగిలింది ఒట్టి గొట్టం. మళ్లీ బస్సు, మళ్లీ ఆఫీసు ముందు ఎండలో పడిగాపులు, కంప్యూటరు పని చేయడం లేదు రేపు రమ్మనడం. ఏకాదశి ఉపవాసం రోజు కూడా నన్ను లాక్కెళ్లింది. రామాంజికైతే ఒళ్లు మండింది.

"ఏం మా, నీళ్లు యా పక్క పోతే నీ వీలునామా ఆ పక్క పోతాండాది. దానికీ ఒక పైపు ఏసేద్దామా?" అన్నాడు.

"ఎయ్‌రా. దుడ్లు నువ్వే పెట్టుకో," అంది అత్త.

తర్వాత, ఎవరూ అనుకోనిది, శీన పోయాడు. చేన్లోనే గుండె పట్టుకుని కూలిపోయాడు. భార్య సుజాత, చంకలో ఆడపిల్ల. ఇల్లంతా ఏడుస్తుంటే అత్త నన్ను పక్కకు పిలిచి, కాగితంలో ఇంకా శీన పేరే ఉందని గుర్తుచేసింది. నాకు నిజంగా కోపం వచ్చింది. కొడుకు పోయిన ఇంట్లో ఈ మాటలేమిటి, దినాలైనా కానీ, జనం ఏమనుకుంటారు అన్నాను.

"నేనీ లోపల పోతే, ఆ జనమొచ్చి సుజాత తోటకు నీళ్లు కడతారా?" అంది. కళ్లు ఎండిపోయి ఉన్నాయి.

దినాలు అయిన మర్నాడే బయల్దేరాం. దారి పొడుగునా ఏ బోరు ఎవరికో, రేపు అదీ ఎండితే ఏమిటో లెక్కలు కడుతూనే ఉంది. నా ఓపిక నశించింది. "అత్తా, ఇంకెన్నేండ్లు నీళ్ల ఎనకాల తిరుగుతావు? బోరు సంగతే రాయించొద్దు. రెండు చేన్లలో యాడ నీళ్లు పడినా చెరి సగమని రాయించు," అన్నాను.

అత్త లెక్కలు ఆపి నా వైపు తిరిగింది. "ఇన్నేండ్లు ఈ మాట యాడ దాపెట్టింటివే?" అంది. ముందు సీటులో ఎవరో నవ్వారు.

అలాగే రాయించింది. శీన వాటా సుజాతకు, నీళ్లు ఇద్దరికీ సగం. తిరిగి వస్తూ, ఇక మార్చే పని లేదు కదా అన్నాను ఆశగా. మనవరాలి పెండ్లయితే చూడాల్సి ఉంటుందంది. నేను కిటికీ కమ్మీకి తల ఆనించుకున్నాను.

ఆ మార్పు ఆమె చూడలేదు. మరుసటి ఎండాకాలంలో అత్త పోయింది. దినాలయ్యాక రామాంజి పడమటి చేన్లో గేటువాల్వు తిప్పి తోటకు నీళ్లు ఆపేశాడు. బోరు తన చేన్లో ఉంది, శీన లేడు, ఇక నీళ్లు ఎవరికివ్వాలన్నాడు. తోటలో ఆకులు ముడుచుకుంటున్నాయి. నేను కాగితం తీసుకెళ్లి, చివరిగా రాసిందే చెల్లుతుందని చెప్పి, అతని చేతికిచ్చాను. అక్కడే నిలబడి రెండుసార్లు చదివాడు. సుజాత బండిదారి అవతలే నిలబడిపోయింది.

"మాయమ్మ నన్ను నమ్మలేదు గదా, పద్మా," అన్నాడు.

"నమ్మకుంటే నీకు సగమెందుకు రాస్తాది? రేపు సుజాత చేన్లో పడినా నీది సగమే," అన్నాను.

రామాంజి వంగి వాల్వు తిప్పాడు. పైపులో ముందు గాలి గుర్రుమంది, తర్వాత నీళ్లు దారి దాటి తోటలోకి పారాయి. సుజాత అక్కడే పాదుల పక్కన కూర్చుండిపోయింది. నేను మనసులోనే దేవుడికి దండం పెట్టుకున్నాను. ఆ చెట్లు ఇప్పటికీ కాస్తున్నాయి.

ఇప్పుడు ఆ విసిగించే పని నాది. మొన్న మా ఆయన బ్యాంకు పుస్తకం తెరిస్తే నామినీగా వాళ్లమ్మ, మా అత్తగారి పేరే ఉంది. ఆవిడ పోయి ఎంత కాలమైందో. "ఆయమ్మ ఆడి నుంచి వచ్చి సంతకం పెడతాదా?" అని అడిగాను. వచ్చే వారం చూద్దామన్నాడు ఆయన, పేపరులోంచి తల ఎత్తకుండా. నేను ఆ పుస్తకం సంచిలో వేసుకుని, ఆయన చెప్పులు తెచ్చి కుర్చీ ముందు పెట్టాను.