వెల్లకిలా పడ్డ పన్నెండు వ్యాగన్లు

ఫిట్టరు భార్యను ఇంట్లోంచి గెంటేశాడని వీధంతా చెవులు కొరుక్కుంటోంది. శుద్ధ అబద్ధం. ఆవిడే సంచి సర్దుకుని చెల్లెలింటికి వెళ్లింది. కారణం భోజనాల బల్ల. నేను చెల్లెలింటికీ వెళ్లాను, ఫిట్టరింటికీ వెళ్లాను కాబట్టి చెబుతున్నాను.

ఫిట్టరు ముప్పై ఏళ్లు రైల్వే యార్డులో గూడ్సు వ్యాగన్ల కింద దూరి బ్రేకులు బాగుచేసినవాడు. రిటైరయ్యాక జానెడేసి బొమ్మ వ్యాగన్లు చేయడం మొదలుపెట్టాడు. మనిషి ఇంటిపట్టున ఉంటాడులే అని భార్య మొదట్లో సంబరపడింది. ఇప్పుడు చెల్లెలింట్లో నన్ను చూడగానే అందుకుంది.

"ఏం ఇంటిపట్టున వదినా! నాలుగు నెలలుగా నేలమీద కూర్చుని తింటున్నాం. నా మోకాళ్ల సంగతి నీకు తెలియనిదా? బల్ల నిండా పన్నెండు వ్యాగన్లు, మందు కొట్టిన బొద్దింకల్లా వెల్లకిలా! నా తలపిన్నులన్నీ వాటి కడుపులోకే పోయాయి. వాటిని అలమారలో పెడితేనే వస్తానని చెప్పు."

చెప్పడానికే వెళ్లాను. ఫిట్టరు కంటికి భూతద్దం తగిలించుకుని, పట్టకారుతో తలపిన్ను వంచుతున్నాడు. నన్ను చూసి కుర్చీ చూపించాడు. దాని మీద జిగురు సీసాలు. నిలబడే చూశాను. పని ముచ్చటగానే ఉంది, కాదనను. వ్యాగను అడుగున గింజంత గాలి సిలిండరు, దాన్నుంచి చక్రాల దాకా సన్నటి కడ్డీలు, చక్రం చక్రానికీ గోటిలో సగం లేని బ్రేకు దిమ్మ.

"ఈ బ్రేకులు పడతాయా తమ్ముడూ?"

"పడవక్కయ్యా."

"పోనీ, నిలబెడితే కనిపిస్తాయా?"

"కనిపించవు."

నాకు ఒళ్లు మండింది. ఒకదాన్ని తీసి తిరగేశాను. పక్కలకు రంగుంది, తలుపుంది, నంబరుంది. పైకప్పు మాత్రం ఉత్త తెల్ల అట్ట. పన్నెండూ అంతే!

"ఎవరూ చూడని చోట ఇంత చేసి, అందరూ చూసే చోట బోడిగా వదిలేస్తావా? ఆవిడ వెళ్లి తొమ్మిది రోజులైంది. వీటిని తీసి అలమారలో పెట్టడానికి నీకేం అడ్డం? సూటిగా చెప్పు."

ఫిట్టరు భూతద్దాన్ని నుదుటి మీదికి తోశాడు.

"నేనెప్పుడూ కిందే కదక్కయ్యా, పైకప్పులు ఎప్పుడు చూశాను? రోజూ నాకు అన్నం క్యారియరు పట్టుకొచ్చి, యార్డు వంతెన మీద నిలబడి చూసింది తనే. అడుగుదామనుకునే లోపే సంచి సర్దేసింది. అలమారలో పెట్టేస్తాను గానీ, ఆ పైరేకు మడతలు నిలువుగా ఉండేవో అడ్డంగా ఉండేవో, తనని వచ్చి ఒక్కసారి చూపించమని చెబుతావా?"