చిరుతకూ పందులకూ ఒకే మందు

అవ్వ పోయిన తొమ్మిదో రోజున మా ఊళ్లో చిరుతకు మందు పెట్టాలని అనుకున్నారు.

అప్పటికి నేను కరీంనగర్ కాలేజీలో లెక్కలు చెబుతున్నాను. దసరా సెలవులకు లక్సెట్టిపేట దగ్గరి మా ఊరికి వెళ్తే, నాలుగు రోజుల జ్వరంతో మమ్మల్ని కన్న అవ్వ నా చేతుల్లోనే పోయింది. నాకు ఏడుపు రాలేదు. వచ్చినవాళ్లు నా ముఖం చూసి చూపు తిప్పుకునేవారు. అన్నం పెడితే తిన్నాను, పడుకోమంటే పడుకున్నాను.

ఆ ఏడు అడవిపందులు కంకి పట్టిన మక్కచేన్లలో పడి దొర్లుతున్నాయి. చిరుత మేకలను ఎత్తుకుపోతోంది. రెంటికీ ఒకేసారి విషపు మందు పెడదామని మా ఇంటి అరుగు మీద పెద్దమనుషులు మాట్లాడుకుంటుంటే, అన్న నన్ను పిలిచాడు.

"చెల్లె, నువ్వు చదువుకున్నదానివి. ఏమంటవ్?"

ఆ లెక్క నాకు తెలుసు. తినే జంతువు పెరిగితే దానికి ఆహారమైన జంతువు ఎలా తగ్గుతుందో, అది తగ్గితే మళ్లీ ఇదెలా తగ్గుతుందో చెప్పే రెండు సమీకరణాలు. రెంటినీ సమంగా చంపుతూ పోతే చివరికి నష్టపోయేది తినేదే.

"రెంటిని సంపితే పందులే ఎక్కువైతయి," అన్నాను.

"సచ్చినయి ఎట్ల ఎక్కువైతయే?" అన్నాడు అన్న. అరుగు మీద ఎవరో నవ్వారు.

జవాబు నోటిదాకా వచ్చింది. చెప్పే ఓపిక లేక లోపలికి వెళ్లి, చాట ముందు కూర్చుని బియ్యంలో రాళ్లు ఏరాను.

మూడోనాడు చిరుత వాగు ఒడ్డున చచ్చి పడి ఉంది. ఆడది. పందులు ఏడెనిమిది చచ్చాయి. ఊరంతా చూడటానికి పోయింది. నేనూ పోయాను. ఏమీ అనిపించలేదు.

మరుసటి ఏడు మక్కచేన్లో ఒక్క కంకి మిగల్లేదు. అన్న కరీంనగర్‌లో బస్సు దిగి నేరుగా నా గదికి వచ్చాడు.

"నువ్వు జెప్పినట్టే అయింది. గదెట్లనో ఇప్పుడన్న జెప్పు."

కాగితం మీద గీతలు గీసి చూపించాను. మందు దెబ్బకు చిరుత పోయింది, ఇంకో చిరుత వచ్చి నిలవాలన్నా తిండి తగ్గింది. పందులకు మాత్రం పిల్లల్ని ఎత్తుకుపోయేది లేకుండా పోయింది. మిగిలినవి ఏడాదిలోనే మంద కట్టాయి. అన్నకు అర్థం కావడానికి ఐదు నిమిషాలు పట్టలేదు.

"గింతేనా? గా దినమే ఎందుకు జెప్పలే?"

"అవ్వ పోయి పది దినాలు గూడ కాలే, అన్నా."

అతను కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. తర్వాత కండువాతో కళ్లు తుడుచుకున్నాడు. నేను స్టవ్ మీద చాయ పెట్టి, పొంగిపోకుండా చూస్తూ నిలబడ్డాను.

ఆ వచ్చే వానాకాలం అన్న ఆ చేన్లో ఆముదాలు వేశాడు. పందులు ఆముదాన్ని ముట్టవు.